పాత కూలర్ డబ్బాలో నాలుగు ఎలుకలు: అనంతపురం నుంచి ఒక కేసు

ఏప్రిల్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం పాతూరులో టైలర్ షాపు నడిపే ఒకాయన, తొమ్మిదో తరగతి చదివే కూతురిని తీసుకుని నా క్లినిక్‌కు వచ్చాడు. పాప చేతిలో చిల్లులు పొడిచిన స్వీట్ డబ్బా. అందులో రెండు పెంపుడు ఎలుకలు. తెల్లటి ఒళ్ళు, తల మీద నల్ల ముసుగు వేసినట్టు రంగు. ఇంట్లో ఇంకో రెండున్నాయని చెప్పింది. నాలుగూ ఆడవే, ఐదారు నెలల వయసువి. పేర్లు రాగి, సద్ద, కొర్ర, జొన్న. ఆ రోజు వచ్చినవి కొర్ర, జొన్న.

"మేడమ్, కండ్లల్లో రక్తం వస్తాంది" అంది పాప. ఆమె కళ్ళలోనూ నీళ్ళు తిరుగుతున్నాయి.

అది రక్తం కాదు. ఎలుక కంటి వెనక ఉండే ఒక గ్రంథి నుంచి పోర్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం ఊరుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుక దాన్ని ముందు కాళ్ళతో తుడిచేసుకుంటుంది. జబ్బు చేసినా, టెన్షన్‌లో ఉన్నా ఎక్కువ ఊరి, కళ్ళ చుట్టూ ముక్కు చుట్టూ ఎండిపోతుంది. కుక్కల్లో తామర చూడటానికి వాడే వుడ్స్ ల్యాంప్ వెలుగు కొర్ర ముఖం మీద వేసి చూపించాను. ఆ మరకలు గులాబీ రంగులో మెరిశాయి. రక్తమైతే అలా మెరవదు. పాప కొంచెం తేరుకుంది.

రెండింటికీ తుమ్ములున్నాయి. కొర్ర ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కలు ఎగిసిపడుతున్నాయి, స్టెత్ పెడితే గురగుర. పెంపుడు ఎలుకల్లో చాలావాటికి మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి తల్లి దగ్గరి నుంచే అంటుకుని ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. అది లేచినప్పుడు వచ్చే జబ్బు ఇదే. డాక్సీసైక్లిన్ రాసి, ఎలా తాగించాలో చూపించి పంపించాను.

అవి ఎక్కడ ఉంటున్నాయి, కింద ఏముంది, గాలి ఎటు నుంచి వస్తుంది అని అడగలేదు. ఈ కేసులో నా తప్పు ఇక్కడే ఉంది. కుక్క వస్తే ఎక్కడ కట్టేస్తారని అడుగుతాను. కోళ్ళు చచ్చిపోతున్నాయంటే ముందు షెడ్డు గురించే అడుగుతాను. చిన్న జీవాలు డబ్బాలో వచ్చేసరికి ఆ ప్రశ్న నోట రాలేదు.

పది రోజులకు మళ్ళీ వచ్చారు. ఈసారి నాలుగు ఎలుకలూ వచ్చాయి. కొర్ర ఇంకా చిక్కిపోయింది. రాగి వెనక కాలు అరికాలి మీద ఎర్రగా ఉబ్బిన పుండు, మధ్యలో గట్టి పొక్కు. సద్దకు అదే మొదలవుతోంది. మందు మానకుండా వేశారు, పాప నోటుబుక్కులో టైము రాసి పెట్టింది కూడా. మందు పనిచేయకపోవడం కాదు, మందు ఒకవైపు లాగుతుంటే ఇంకేదో రెండోవైపు లాగుతోంది. సాయంత్రం మీ ఇంటికి వస్తానన్నాను.

ఇంట్లో చూసింది

ఇల్లు మేడ మీద ఒకటిన్నర గది పోర్షన్. పడమటి కిటికీ పక్కన లవ్‌బర్డ్స్ కోసం అమ్మే రంగు తీగల పంజరం వేలాడుతోంది. దాని ధర 1,800. నాలుగు ఎలుకలు అందులోనే. అడుగు కూడా తీగలే. తిన్నా నిద్రపోయినా ఆ తీగల మీదే. కింద ట్రేలో న్యూస్‌పేపర్, వారానికి ఒకసారి మారుస్తారు. దాక్కోవడానికి ఏమీ లేదు.

పక్కన బల్ల మీద ఒక గాజు చేపల తొట్టి. అందులో మూడు తెల్ల చిట్టెలుకలు. ఇవి ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. పిల్లి భయంతో తొట్టి మీద అద్దం మూత పెట్టి, ఒక వేలు సందు వదిలారు. అడుగున వడ్రంగి షాపు నుంచి తెచ్చిన రంపపు పొట్టు. మూత తీసి ముఖం లోపలికి వంచాను. కళ్ళు మండిపోయాయి, వెంటనే వెనక్కి వచ్చేశాను.

"మాకు అంత వాసన రాదు మేడమ్" అన్నాడు తండ్రి. నిలబడిన మనిషి ముక్కుకు రాదు. ఎలుకలు బతికేది అడుగున, పొట్టు మీద. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. ఆ అమ్మోనియా శ్వాసనాళంలో దుమ్మునూ క్రిములనూ బయటకు ఊడ్చే సన్నటి నూగును దెబ్బతీస్తుంది. ఊడ్చేవాళ్ళు లేని ఇంట్లో చెత్త పేరుకున్నట్టు అక్కడ మైకోప్లాస్మా పెరుగుతుంది. పంజరం కింద ట్రేలోనూ అదే వాసన, ఎలుకలకు మూడంగుళాల దూరంలో. రాగి అరికాలి పుండుకు కారణం ఆ తీగల అడుగు.

వెంట తీసుకెళ్ళిన థర్మామీటర్ పంజరంలో పెట్టాను. సాయంత్రం నాలుగున్నరకు 37 డిగ్రీలు. మన దేశంలో ప్రయోగశాల జంతువుల బాగోగులు చూసే కమిటీ, సీసీఎస్ఈఏ, ఎలుకల గదికి చెప్పే ఉష్ణోగ్రత 18 నుంచి 29 డిగ్రీలు. మే నెలలో అనంతపురంలో బయట 40 దాటడం మామూలే. ఎలుకకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, కుక్కలాగా రొప్పి చల్లబడటమూ చేతకాదు. తోకలో రక్తనాళాలు వెడల్పు చేసి ఒంటి వేడిని బయటకు పంపుతుంది. అదీ చాలకపోతే లాలాజలం ఒంటికి పూసుకుంటుంది. జొన్న గడ్డం కింద బొచ్చు తడిసి అట్టకట్టి ఉండటానికి కారణం అదే. పాప మాత్రం నీళ్ళు తాగేటప్పుడు తడిసిందనుకుంది.

తండ్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మంచి పంజరం కొనాలంటే ఎంతవుతుంది మేడమ్? రెండు వేలకు మించి నా వల్ల కాదు" అన్నాడు. ఆన్‌లైన్‌లో ఎలుకల కోసం చేసిన పెద్ద పంజరాల ధరలు దానికి ఎన్నో రెట్లు. "కొనొద్దులే అన్నా, మనమే చేద్దాం. మేడ మీద ఏమేం పాత సామాన్లున్నాయో చూపించు" అన్నాను.

కూలర్ డబ్బా

మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన రెండేళ్ళ కిందట మోటారు కాలిపోయిన రేకు కూలర్ ఉంది. మన ఊళ్ళో చాలా మేడల మీద ఇలాంటిది ఒకటుంటుంది. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రెండడుగుల వెడల్పు, ఇరవై అంగుళాల లోతు, మూడడుగుల ఎత్తు. మూడు వైపులా గడ్డి ప్యాడ్ల ఫ్రేములు తీసేస్తే మూడు పెద్ద కిటికీలు. అంతా రేకు కాబట్టి ఎలుక కొరికి బయటపడటం జరగదు. అడుగున్న నీళ్ళ తొట్టి ఆరంగుళాల లోతు, అందులో పరుపు మందంగా వేయొచ్చు, తవ్వినా బయటకు చిందదు.

అడుగు వైశాల్యం సుమారు 3,100 చదరపు సెంటీమీటర్లు. ప్రయోగశాల లెక్కలో 200 నుంచి 300 గ్రాముల ఎలుకకు కనీసం ఉండాల్సింది 187 చదరపు సెంటీమీటర్లే, అంటే ఏ4 కాగితంలో మూడో వంతు కూడా కాదు. ఇంట్లో ప్రేమగా పెంచుకునే జీవానికి ఆ లెక్క సరిపోదని నా గట్టి అభిప్రాయం. ఎలుక ఎక్కాలి, తవ్వాలి, వెనక కాళ్ళ మీద నిటారుగా నిలబడాలి.

ఆయన బావమరిది వెల్డింగ్ షాపులో పనిచేస్తాడు. ఆదివారం పొద్దున్నే వచ్చాడు. మోటారు, పంపు, వైర్లు పీకేశాక రెండు వైపుల గడ్డి ఫ్రేములు పూర్తిగా తీసి, అర అంగుళం గడుల వెల్డ్ మెష్ లోపలి వైపు నుంచి బోల్టులతో బిగించాం. పడమటి వైపు వచ్చే ఫ్రేమును మాత్రం రేకు చువ్వలతో అలాగే ఉంచి, వెనక మెష్ వేశాం, ఎండ నేరుగా పడకుండా. ఫ్యాను ఉండే ముందు భాగాన్ని చదరంగా కోసి, మెష్ తలుపు కబ్జాలతో పెట్టి, రెండు గొళ్ళేలు వేశాం. ఒక గొళ్ళెం చాలదు, ఎలుక ముక్కుతో తోసి తీస్తుంది. కోసిన అంచులన్నీ ఆకురాయితో రాశాం. నీళ్ళు బయటకు పోయే గొట్టం చిల్లుకూ మెష్ ముక్క పెట్టాం. రేగిపోయిన పాత పెయింట్ లోపలి వైపు మొత్తం గీకి కడిగి ఎండలో ఆరబెట్టాం. రాలే పెయింట్ పెచ్చులు ఎలుక నోట్లోకి పోకూడదు.

రేకు మీద మూత్రం నిలిస్తే తుప్పు పడుతుంది కాబట్టి అడుగున ఏదైనా పరచాలి. నేను పాత ఫ్లెక్సీ బ్యానర్ సలహా ఇచ్చాను. అది తప్పు సలహా. రెండో రోజు పొద్దునకల్లా ఒక మూల కొరికి ముక్కలు చేశాయి. ప్లాస్టిక్ పొట్టలోకి పోతే పేగుకు అడ్డం పడుతుంది. వెంటనే తీయించి, రేకు పని చేసే ఆయన దగ్గర సరిగ్గా తొట్టిలో కూర్చునే ట్రే చేయించాం. పైకి లేపి కడుక్కోవచ్చు.

ఖర్చు: మెష్ 620, రేకు ట్రే 350, కబ్జాలు గొళ్ళేలు బోల్టులు వాషర్లు కలిపి 180, గోళీ మూతి నీళ్ళ సీసాలు రెండు 240, మట్టి కుండలు మూడు 90. మొత్తం 1,480 రూపాయలు. వెల్డింగ్‌కు బావమరిది డబ్బు తీసుకోలేదు.

లోపలి సామాను అమర్చడం మీదే నేను ఎక్కువసేపు కూర్చున్నాను. కుండల మూతి పక్కన ఒక ముక్క పగలగొట్టి, అంచు నున్నగా అరగదీసి, బోర్లించి పెడితే గూళ్ళయ్యాయి. మట్టి కుండ లోపల చల్లగా ఉంటుంది, కొరికినా నష్టం లేదు. నలుగురికి మూడు గూళ్ళెందుకని తండ్రి అడిగాడు. ఒకటే ఉంటే బలమైనది తలుపు దగ్గర కూర్చుని మిగతావాటిని రానివ్వదు. పైన రెండు ఎత్తుల్లో గుడ్డ ఉయ్యాలలు కట్టాం, ఎక్కినది జారితే మధ్యలో పట్టుకునేలా.

ఆ ఉయ్యాలల గుడ్డ దగ్గర ఒక మాట చెప్పాలి. టైలర్ ఇల్లు కదా, గుడ్డ పీలికలకు కొదవ లేదు. అంతకుముందే పాప పంజరంలో కాటన్ పీలికలు వేసి ఉంది. జొన్న ముందు కాలి వేలికి ఒక దారం చుట్టుకుని వేలు ఊదా రంగుకు తిరిగి ఉండటం నేను పరీక్ష చేస్తున్నప్పుడు కనిపించింది. చిన్న కత్తెరతో తీశాను, వేలు దక్కింది. నేసిన గుడ్డ అంచు నుంచి దారాలు ఊడతాయి. ఎలుక పిల్లల మెడకు చుట్టుకుంటే ప్రాణమే పోతుంది. అల్లిన బనియన్ గుడ్డకు ఆ ప్రమాదం తక్కువ. ఆయన పాత బనియన్లు నాలుగు కోసి ఉయ్యాలలు కుట్టాడు. కుట్టు చివర్లు లోపలికి మడిచి, అంత చక్కగా కుట్టిన ఉయ్యాల నేను ఎక్కడా చూడలేదు.

కింద ఏం పరచాలి

శనక్కాయ పొట్టు ఊరికే దొరుకుతుందని తండ్రి ఒక మూట తెప్పించి పెట్టాడు. మన జిల్లాలో ఎవరికైనా ముందు తట్టేది అదే. నేను వద్దన్నాను. తడి తగిలిన శనక్కాయ మీద పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పొట్టులో గింజ ముక్కలు మిగిలే ఉంటాయి, ఎలుక ఏరుకుని తింటుంది. మూత్రం పడే చోట బూజు పట్టే సరుకు పెట్టడం తెలిసి చేసే పని కాదు. వరి ఊకను చాలా ప్రయోగశాలల్లో వాడతారు, జల్లించి ఎండబెడితే బాగానే ఉంటుంది. కానీ ఇప్పటికే ఊపిరి ఆడని ఎలుకలకు ఊక నుంచి లేచే దుమ్ము మంచిది కాదు. వడ్రంగి రంపపు పొట్టులో సన్నటి దుమ్ము, వార్నిష్, ఏ చెట్టుదో తెలియని చెక్క.

చివరికి దొరికింది శుభలేఖలు అచ్చు వేసే ప్రింటింగ్ ప్రెస్‌లో. కటింగ్ మిషన్ దగ్గర అంచులు కోసినప్పుడు తెల్ల కాగితపు పీలికలు సంచులకు సంచులు పడతాయి, సిరా ఉండదు. నున్నటి మెరుపు కాగితం ఏరేసి మామూలు కాగితం తీసుకోమన్నాను, మెరుపు కాగితం తడి పీల్చదు. ట్రేలో నాలుగంగుళాల మందం. రోజూ పొద్దున తడిసిన మూల ఒక్కటే తీసి కొత్తది వేయాలి, ఎలుకలు ఎక్కువగా ఒకటి రెండు మూలల్లోనే పోస్తాయి. నాలుగైదు రోజులకు ఒకసారి మొత్తం మార్చాలి. మార్చినప్పుడు పాత గూటిలోని పొడి కాగితం పిడికెడు కొత్తదానిలో కలపాలి. తమ వాసన పూర్తిగా పోతే అవి కంగారుపడి, ఇల్లంతా మళ్ళీ మూత్రంతో గుర్తులు పెడతాయి.

ఎండ

డబ్బాను పడమటి కిటికీ నుంచి తూర్పు గోడ వైపు మార్చాం. ఫ్యాను పెడితే చాలు కదా అని అందరూ అనుకుంటారు. ఫ్యాను మన చెమటను ఆరబెట్టి మనల్ని చల్లబరుస్తుంది, చెమట పట్టని ఎలుకకు వేడి గాలే తగులుతుంది. అనంతపురం ఎండలో ఉన్న మేలు ఏమిటంటే గాలి పొడిగా ఉంటుంది, తడి గుడ్డ గట్టిగా చల్లబరుస్తుంది. కిటికీకి తడిపిన గోనె పట్టా కట్టి, మధ్యాహ్నం గంటకోసారి నీళ్ళు చల్లమన్నాను. ఆ గాలి నేరుగా డబ్బా మీదికి కాకుండా పక్కగా పోవాలి.

అన్నిటికంటే పనికొచ్చింది కడప బండ. తాడిపత్రి నుంచి వచ్చే నల్ల బండ ముక్కలు, గచ్చు వేసినప్పుడు మిగిలినవి, పక్క వీధిలో గోడకు ఆనించి ఉన్నాయి. అడుగు పొడవున్న రెండు ముక్కలు అడిగి తెచ్చాం. ఒకటి బకెట్ నీళ్ళలో, ఒకటి డబ్బాలో. మధ్యాహ్నం రెండుసార్లు మార్చడం. మొదటి రోజే రాగి, సద్ద ఆ బండ మీద పొట్ట ఆనించి, తోక చాచి పడుకున్నాయి. తోక బండకు తాకేలా పడుకోవడం చూసి పాప పకపకా నవ్వింది. అది వేడిని దించుకుంటోందని చెప్పాను. మే మొదటి వారంలో మూడు గంటలప్పుడు డబ్బాలో థర్మామీటర్ 31 చూపించింది. అదే సమయానికి బయటి గదిలో 38.

చీమల సంగతి ముందే తెలుసు కాబట్టి డబ్బా కాళ్ళు నాలుగింటినీ నీళ్ళ గిన్నెల్లో పెట్టించాం.

చిట్టెలుకలు

వీటిని ఎలుకల గదిలో ఉంచలేం. ఎలుక చిట్టెలుకను చంపి తినగలదు. ఆ వాసన పక్కనే ఉంటే చిట్టెలుక ఎప్పుడూ భయంతోనే బతుకుతుంది. వంటగది బయట నడవాలో చోటు చూశాం. 45 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా 480 రూపాయలు. మూతలో పెద్ద చదరం, పక్కల్లో రెండు చిన్న చదరాలు వేడి కత్తితో కోసి, మెష్‌ను లోపలి నుంచి వాషర్లు వేసి బిగించాం. మెష్ పావు అంగుళం గడులదే ఉండాలి. ఎలుకల డబ్బాకు మిగిలిన అర అంగుళం మెష్ వాడదామని బావమరిది అన్నాడు, సన్నటి చిట్టెలుక అందులోంచి సులువుగా దూరిపోతుంది. మెష్ 160, బోల్టులు 60, సీసా 120. మొత్తం 820.

మూడూ ఆడవేనని అమ్మినవాళ్ళు చెప్పారట. తోక ఎత్తి చూస్తే ఒకటి మగది. మూత్రద్వారానికీ మలద్వారానికీ మధ్య దూరం మగవాటిలో దాదాపు రెట్టింపు ఉంటుంది, పక్కపక్కన పెట్టి చూస్తే పాపకూ అర్థమైంది. ఒక ఆడదాని పొట్ట అప్పటికే నిండుగా ఉంది. మగదాన్ని ఆ రోజే వేరు చేయమన్నాను. రెండో డబ్బా కొనేసరికి నాలుగు రోజులు పట్టింది, ఆ లోపలే అది తొమ్మిది పిల్లల్ని పెట్టింది. చిట్టెలుక ఈనిన 24 గంటల్లోపే మళ్ళీ కడుపు కట్టగలదు. అనుకున్నట్టే 24 రోజులకు ఇంకో ఏడు. రెండో డబ్బాకు 610 ఖర్చయింది, నాలుగు రోజుల ఆలస్యానికి ఏడు ప్రాణాలకు చోటు వెతకాల్సి వచ్చింది. మూడు వారాలు నిండిన పిల్లల్ని తల్లి నుంచి తీసి, మగ ఆడ వేరు చేశాం. మగ పిల్లల్ని పుట్టినప్పటి నుంచీ కలిసి ఉన్నవాటినే కలిపి ఉంచాం, పెద్దయ్యాక కొత్తగా కలిపితే కరుచుకుంటాయి.

చేపల తొట్టి, లవ్‌బర్డ్స్ పంజరం కలిపి 900కు అమ్మేశారు. కాబట్టి చేతి నుంచి నికరంగా పోయింది 2,010 రూపాయలు.

తర్వాత

కొర్ర దక్కలేదు. కొత్త ఇంట్లోకి మారిన తొమ్మిదో రోజు తెల్లవారుజామున కుండలో చనిపోయి కనిపించింది. మిగతా మూడూ దాని పక్కనే పడుకుని ఉన్నాయట. ఊపిరితిత్తులు మొదటి రోజే సగం పాడైపోయి ఉన్నాయి. ఆ పది రోజులు నేను ఇంటి గురించి అడిగి ఉంటే బతికేదా అని పాప అడగలేదు. నేనే చెప్పాను, అవకాశం ఉండేదని. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

రాగి పుండుకు రోజూ పలుచటి పోవిడోన్ అయోడిన్ నీళ్ళతో కడిగి ఆరబెట్టమన్నాను, నొప్పికి మెలాక్సికామ్ ఇచ్చాను. మెత్తటి కాగితం మీద నడక మొదలయ్యాక ఐదు వారాలకు పొక్కు రాలి కొత్త చర్మం వచ్చింది. సద్దకు పది రోజుల్లోనే తగ్గింది. జొన్నకు తుమ్ములు జూన్ నాటికి బాగా తగ్గాయి. మైకోప్లాస్మా ఒంట్లోంచి పూర్తిగా పోదు, వాన పడి గాలి మారినప్పుడు మళ్ళీ రెండు మూడు రోజులు తుమ్ముతుంది. అప్పుడు మందు కంటే ముందు ట్రే వంచి వాసన చూడమన్నాను.

జూలైలో ఒక రాత్రి ఇంటి ఎలుక ఒకటి మెష్ బయట నుంచి లోపలి గింజలు లాగుతుండగా చూశారు. తిండి గిన్నెను మెష్‌కు దూరంగా డబ్బా మధ్యకు మార్పించాను, రాత్రి మిగిలిన గింజలు తీసేయమన్నాను. ఇంట్లో ఎలుకల మందు పెట్టొద్దని, బోను మాత్రమే వాడమని చెప్పాను. బయటి ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు పెంపుడు వాటికీ, వాటిని ముట్టుకునే పాపకూ రావచ్చు. డబ్బా శుభ్రం చేశాక సబ్బుతో చేతులు కడుక్కోవడం అప్పటి నుంచి పాప ఒక్కరోజు కూడా మానలేదని వాళ్ళమ్మ చెప్పింది.

నవంబర్‌లో వెళ్ళినప్పుడు డబ్బా వెనక ఎడమ మూల తుప్పు పట్టడం కనిపించింది, వేలితో నొక్కితే రేకు లోపలికి పోయింది. బావమరిది వచ్చే ఆదివారం ఆ మూలకు కొత్త రేకు ముక్క వేస్తానన్నాడు. అంతవరకు ఆ మూలలో కడప బండను నిలువుగా ఆనించి పెట్టాం. చలి మొదలైంది కాబట్టి ఇప్పుడు బండ అడుగున అవసరం లేదు. ఉయ్యాలలు మాత్రం ఈసారి రెండు పొరల గుడ్డతో కుట్టి ఉన్నాయి.